నడిగడ్డ నుంచి నల్లమల దాకా: మనిషి నడతకు తగిన వైద్య వ్యవస్థ

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ గద్వాల జిల్లాలోకి వచ్చింది. ఒకప్పటి సంస్థానం వనపర్తి నడుమన ఉంది. నాగర్‌కర్నూల్ మైదానంతో మొదలై అచ్చంపేట దాటాక నల్లమల అడవిలో కలిసిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మూడింటిలో కలిపి సుమారు 20 లక్షల మంది ఉన్నారు. సీడు పత్తి రైతులు, గద్వాల, రాజోలి మగ్గాల నేతగాళ్ళు, తండాల్లోని లంబాడాలు, పెంటలనే అడవి గూడేల్లోని చెంచులు, పనులు వెతుక్కుంటూ బొంబాయికి, పుణెకు, హైదరాబాదుకు పోయే పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు అందరూ ఈ లెక్కలోనే ఉన్నారు. వీళ్ళ పొద్దు ఒకలా పొడవదు, ఒకలా గుంకదు. అందుకే వైద్య వ్యవస్థను మనిషి నడతకు, అవసరానికి తగినట్టు మలచడం ఎంత అవసరమో, ఎంత కష్టమో తెలుసుకోవడానికి తెలుగునాట ఇంతకంటే మంచి ప్రాంతం దొరకదు.

మనిషి నడతకు తగినట్టు మలచడం అంటే మూడు ప్రశ్నలతో మొదలుపెట్టడం. జబ్బు చేసిన మనిషి మొదట ఎవరి దగ్గరికి పోతాడు? ఏ వేళకు పోగలడు? పోయినచోట ఏం జరిగితే మళ్ళీ వస్తాడు? ఈ మూడింటికీ జవాబు తెలుసుకున్నాకే గదులు, మంచాలు, మందులు, మనుషుల సంగతి చూడాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. భవనం ముందు లేస్తుంది, సిబ్బంది తరువాత వస్తారు, జనం రాకపోతే వాళ్ళకు అవగాహన లేదని నివేదిక రాస్తారు. ఈ జిల్లాల అనుభవం చెప్పేది వేరు. సేవ తమ దారిలోకి, తమ వేళకు వచ్చినప్పుడు ఇక్కడి జనం దాన్ని ఎన్నడూ కాదనలేదు.

లెక్కలతో మొదలైన వ్యవస్థ

1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదికే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మూలం. 1978లో ఆల్మా ఆటా సదస్సు ప్రాథమిక వైద్యం ప్రజల భాగస్వామ్యంతో, వాళ్ళ ముంగిట్లోనే అందాలని ప్రకటించింది. ఆచరణలో మనకు మిగిలింది జనాభా లెక్క. మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. 30,000 మందికి, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. తలలు లెక్కపెట్టడం న్యాయమైన పద్ధతే, కానీ దూరం, దారి, వేళ ఆ లెక్కలోకి రావు. మూడువేల మంది ఒకే ఊళ్ళో ఉండటం వేరు, అడవిలో పదుల పెంటలుగా చెదిరి ఉండటం వేరు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని బ్రిటిష్ డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశాడు. ఆయన దృష్టిలో ఉన్నది వేల్స్ బొగ్గుగనుల ఊళ్ళు. గట్టుకు, అమ్రాబాద్‌కు కూడా ఆ మాట అట్లాగే వర్తిస్తుంది. ఈ రెండు మండలాలూ కేంద్ర ప్రభుత్వ ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో ఉన్నవే.

పత్తి పువ్వు, ఓపీ వేళ

నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరుమోసింది. విత్తన కంపెనీలకు, రైతుకు మధ్య ఆర్గనైజర్లు ఉంటారు. పెట్టుబడి వాళ్ళు ఇస్తారు, పంట వాళ్ళ చేతికే పోతుంది. పని మొత్తం పువ్వు చుట్టూ తిరుగుతుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా ఒక్కొక్కటిగా గిల్లి అందులోని మగ భాగాన్ని తీసేస్తారు. తెల్లవారి మగ మొక్క పువ్వు తెచ్చి ఆ మొగ్గకు అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆగస్టు నుంచి రెండు మూడు నెలలపాటు ఒక్క రోజు విడవకుండా సాగే పని ఇది. ఇవ్వాళ గిల్లిన మొగ్గకు రేపు పొద్దున పుప్పొడి అద్దకపోతే అది రాలిపోతుంది. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, కొన్నిచోట్ల చదువు మానిన ఆడపిల్లలు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగుకు ముగుస్తుంది. క్రాసింగ్ రోజుల్లో ఒక గర్భిణి పరీక్షకు రావాలంటే పొద్దుటి అద్దకమో, మాపటి గిల్లుడో వదులుకోవాలి. కూలి ఒక్కటే పోదు, పని చెడగొట్టిందన్న మాటా పడాలి. బీపీ గోలీల కోసం నెలనెలా రావాల్సిన ముసలమ్మను తోలుకొచ్చే మనిషీ ఆ చేన్లోనే ఉంటాడు. సరిగ్గా వర్షాకాలపు జ్వరాలు, చర్మం మీద పురుగుమందు దద్దుర్లు, కళ్ళ మంటలు ఎక్కువయ్యే నెలలు కూడా ఇవే. ఏడాది పొడుగునా ఒకే పని గంటలు పెట్టుకున్న ఆసుపత్రికి ఈ క్యాలెండరు కనపడదు. ఆ రెండు మూడు నెలలైనా వారానికి రెండు సాయంత్రాలు దీపాలు పెట్టిందాకా ఓపీ నడిపితే ఖర్చు పెద్దగా పెరగదు. ఏఎన్‌ఎం పరీక్షల రోజును చేను గట్టు దగ్గరికి మార్చినా చాలావరకు సరిపోతుంది. వేళను జనానికి తగినట్టు పెట్టొచ్చని ప్రభుత్వానికి తెలియక కాదు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ప్రతి మంగళవారం ఆడవాళ్ళకే ప్రత్యేక క్లినిక్ అని రోజు ఖాయం చేశారు. పది మందిలో చెప్పుకోలేని బాధలు చెప్పుకోవడానికి ఒక రోజు, ఒక చోటు కావాలన్న గుర్తింపు అందులో ఉంది. ఆ గుర్తింపును పంటల క్యాలెండరు దాకా తీసుకుపోవాల్సి ఉంది.

ఇదే చోట చదువు సంగతి కూడా చెప్పుకోవాలి. 2011 లెక్కల ప్రకారం గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణలో అన్నిటికంటే తక్కువ. మందుల కిటికీ దగ్గర గోలీల పట్టీని కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు. పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద పడతాయి. బీపీది, షుగరుది రెండూ తెల్లగా, గుండ్రంగానే ఉంటాయి. చదవగలిగిన మనిషే తికమకపడే చోట చదువురాని మనిషి రంగును, సైజును గుర్తుపెట్టుకుని మింగుతాడు. వచ్చే నెల కంపెనీ మారి గోలీ రంగు మారితే మానేస్తాడు. పొద్దున, పగలు, రాత్రి అని మూడు అరలున్న సంచి, దాని మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు, ప్రతి నెలా అదే రంగు గోలీ ఉంటే ఎంతోమంది మందు మానకుండా ఉంటారు.

నది అవతలి ఆసుపత్రి

అలంపూర్ ప్రాంతపు జనం తరతరాలుగా పెద్ద జబ్బు చేస్తే తుంగభద్ర దాటి కర్నూలు పోతారు. 1956లో అక్కడ మెడికల్ కాలేజీ వచ్చాక ఆ దారి మరింత గట్టిపడింది. బస్సు సులువు, చుట్టాలు ఉంటారు, మందుల షాపు వాడు ఎరుకే. మహబూబ్‌నగర్ దూరం, హైదరాబాదు ఇంకా దూరం. గట్టు, అయిజ వైపు వాళ్ళు రాయచూరు కూడా పోతారు. 2014లో రాష్ట్రం రెండయినా రోగి నడిచే దారి మారలేదు. అలంపూర్ మనిషికి కర్నూలు ఇప్పటికీ పక్క ఊరే. ప్రభుత్వ పథకాల కార్డులకు మాత్రం అది పరాయి రాష్ట్రం.

ఈ పేచీ 2021 మే నెలలో బయటపడింది, ఈసారి ఎదురు దిశలో. కొవిడ్ రెండో అలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు పోతున్న అంబులెన్సులను గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. పడక ఖాయమైనట్టు ముందే అనుమతి ఉంటేనే లోపలికి అన్నారు. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులు జాతీయ రహదారి మీద గంటల తరబడి నిలిచిపోయారు. ఆ ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపేసింది. జనం ఎటు పోతారో తెలుసుకుని అటు ఏర్పాటు చేయడం ఒక పద్ధతి, గీత గీసి దాటొద్దనడం ఇంకో పద్ధతి. కర్నూలు పెద్దాసుపత్రికి, గద్వాల, అలంపూర్ ఆసుపత్రులకు మధ్య రోగుల బదిలీకి స్థిరమైన ఒప్పందం, రెండు రాష్ట్రాల బీమా పథకాలూ పరస్పరం చెల్లడం ఈ ప్రాంతానికి కొత్త భవనం కంటే ముఖ్యం.

మూడు ఆలస్యాలు

ప్రసవంలో తల్లులు ఎందుకు చనిపోతారో వివరిస్తూ 1994లో సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ మూడు ఆలస్యాలను చూపారు. పోదామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం మొదలవడంలో ఆలస్యం. ఈ మూడూ నల్లమలలోని చెంచు పెంటల్లో ఒకదాని వెనక ఒకటి ఎదురవుతాయి. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల వంటి పెంటలు అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్నాయి. రోడ్డు వేయాలంటే అటవీ చట్టం అడ్డొస్తుంది. హైదరాబాద్-శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాల రాకపోకలు ఆపుతారు. అత్యవసరానికి వదులుతారు కానీ ఆ మాట వాహనం దొరికినవాళ్ళకే పనికొస్తుంది.

మన్ననూరులో చెంచుల కోసం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. 2022లో అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ అప్పాపూర్ వెళ్ళారు, రాజ్‌భవన్ తరఫున అక్కడ పోషకాహార కార్యక్రమం నడిచింది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు ఇళ్ళు, రోడ్లు, సంచార వైద్య బృందాలు ఇస్తామంటోంది. వీటితోపాటు ఆంధ్ర గిరిజన ప్రాంతాల నుంచి నేర్చుకోదగినవి రెండున్నాయి. అప్పటి విజయనగరం జిల్లా సాలూరులో 2018లో గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండేముందే వచ్చి ఉంటారు, తిండి, పరీక్షలు అక్కడే, నొప్పులు వస్తే ఆసుపత్రి పక్కనే. డోలీ మోయాల్సిన అగత్యం తప్పింది. అదే ఏడాది పెద్ద అంబులెన్సు పోలేని చోట్లకు బైకు అంబులెన్సులు వచ్చాయి. ఈ రెండూ దారి లేదన్న నిజాన్ని ఒప్పుకుని చేసిన ఏర్పాట్లు. అయితే చెంచు ఇల్లాలు నెలరోజులు పెంట విడిచి ఉండాలంటే తోడు మనిషికీ, పెద్ద పిల్లలకూ అక్కడ చోటుండాలి. ఆమెకు తెలిసిన తిండి పెట్టాలి. లేకపోతే మూడోరోజే వెళ్ళిపోతుంది, అందుకు ఆమెను తప్పుపట్టలేం.

మైదానంలో దారి సమస్యను చాలావరకు తీర్చింది 108. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ సేవ విజయానికి కారణం వాహనం ఒక్కటే కాదు. మూడంకెల నంబరు ఎవరికైనా గుర్తుంటుంది. ఫోను ఉచితం, డబ్బు ప్రసక్తి లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. రాత్రిపూట మోతుబరి జీపు కోసం బతిమాలుకునే రోజులను అది మార్చేసింది.

కార్డు, కిట్టు, కంది పప్పు

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అంటే ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్ళు ఆ పథకాన్ని మొదటి రోజు నుంచీ చూశాయి. దాని రూపకల్పనలో రెండు మంచి పనులు జరిగాయి. కొత్త కాగితాలు అడగకుండా ఇంట్లో ఉన్న తెల్ల రేషన్ కార్డునే అర్హతగా తీసుకున్నారు. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్య మిత్ర అనే మనిషిని కూర్చోబెట్టారు. నగరంలో పెద్ద ఆసుపత్రి మెట్లెక్కిన పల్లె మనిషికి ఎటు పోవాలో, ఎవరిని అడగాలో చెప్పే మనిషి దొరకడం ఆపరేషన్ ఖర్చు అంత విలువైనది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా పథకం చూపు మంచం ఎక్కాల్సిన జబ్బుల మీదే. నెలనెలా కొనే షుగరు గోలీలు, రక్తపరీక్షలు, ఆటో చార్జీలు ఇంటిమీదే పడతాయి. గుండెకు స్టెంటు ఉచితం, గుండె చెడకుండా కాపాడే రోజువారీ మందుకు ఊరికి దూరం పోవాలి అన్నట్టు ఉంటే మనిషి జబ్బు ముదిరేదాకా ఆగుతాడు.

2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ నడతను మరింత దగ్గరగా చదివింది. మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలను ఒకేసారి ఇవ్వలేదు. గర్భిణిగా పరీక్షలు చేయించుకున్నప్పుడు కొంత, సర్కారు దవాఖానలో కాన్పు అయ్యాక కొంత, బిడ్డకు మూడున్నర నెలల టీకాలు వేయించాక కొంత, తొమ్మిది నెలల టీకాతో చివరిది. ఏ మెట్టు దగ్గర జనం జారిపోతారో ఆ మెట్టు దగ్గర డబ్బు పెట్టారు. దీని వెనకున్న సూత్రం ప్రపంచంలో పరీక్షకు నిలిచిందే. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. నమ్మకంగా నెలనెలా టీకా శిబిరం పెట్టిన ఊళ్ళలో 18 శాతం పిల్లలకు పూర్తి టీకాలు పడ్డాయి. శిబిరంతోపాటు టీకాకో కిలో పప్పు, అన్నీ అయ్యాక పళ్ళేల సెట్టు ఇచ్చిన చోట 39 శాతానికి చేరింది. ఏమీ చేయని ఊళ్ళలో 6 శాతమే. తల్లులకు టీకా మీద వ్యతిరేకత లేదు. ఇవ్వాళ కూలి పోగొట్టుకోవడానికి ఇవ్వాళే కనిపించే కారణం కావాలి, అంతే. ఆ మాట నిజమైతే వాయిదా డబ్బు నెలలు ఆలస్యమైనప్పుడు పథకం సగం బలం పోతుందని కూడా ఒప్పుకోవాలి.

రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాల్లో 2022 డిసెంబరులో ఇచ్చిన న్యూట్రిషన్ కిట్ గద్వాల, నాగర్‌కర్నూల్‌లకు కూడా వచ్చింది. ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ అందులో ఉన్నాయి. ఐరన్ గోలీ తింటే కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా పోతుందని మానేసేవాళ్ళు ఎక్కువ. అది సహజమేనని, అన్నం తిన్నాక వేసుకుంటే బాధ తగ్గుతుందని చెప్పే ఆశ కార్యకర్త లేకపోతే ఏ కిట్టు అయినా అల్మారాలో ఉండిపోతుంది.

పాము కరిచిన రాత్రి

రాత్రి నీళ్ళు పెట్టడానికి చేనుకు పోయే ఊళ్ళలో పాముకాటు మామూలు ప్రమాదం. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందు ఉంది. ప్రాణం నిలిపేది మందు ఎంత త్వరగా ఎక్కిందన్నదే. మరి మనిషి ముందు మంత్రగాడి దగ్గరికి ఎందుకు పోతాడు? మంత్రగాడు పక్క వీధిలో ఉంటాడు, అర్ధరాత్రి తలుపు తీస్తాడు, ముట్టుకుని ధైర్యం చెప్తాడు. చాలా కాట్లలో విషం ఎక్కదు కాబట్టి అతని వైద్యం ఫలించినట్టే కనిపిస్తుంది. దవాఖానకు పోతే డాక్టరు ఉంటాడో లేడో, మందు ఉందో లేదో, జిల్లా ఆసుపత్రికి రాస్తారేమో తెలియదు. ఈ తూకంలో మంత్రగాడు నెగ్గడం మూఢత్వం కాదు.

దీన్ని మార్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రోగి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. తరువాత గొట్టాన్ని ఒకసారి వంచి చూడాలి. గడ్డకడితే ఆ విషం అప్పటికి ఎక్కలేదన్నమాట. నీళ్ళలా పారితే విషం ఎక్కినట్టే, విరుగుడు వెంటనే మొదలుపెట్టాలి. ల్యాబు లేని ఆరోగ్య కేంద్రంలో నర్సు ఒక్కతే చేయగల పరీక్ష ఇది. గాజు గొట్టం, గోడ గడియారం, ఫ్రిజ్‌లో విరుగుడు మందు, శ్వాస ఆగితే గాలి కొట్టే సంచి ఉన్నాయని ఊరందరికీ తెలియాలి. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030కి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలంటోంది. మంత్రగాళ్ళను తరిమితే అది జరగదు. కట్టు కట్టి వెంటనే బండి ఎక్కించే మొదటి మనిషిగా వాళ్ళను మార్చుకోవాలి. కట్టు అంటే కదలకుండా బద్ద పెట్టడమే, తాడు బిగించడం, కోయడం కాదు.

డిగ్రీ లేకుండా ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టరు సంగతీ ఇలాంటిదే. పిలిస్తే ఇంటికొస్తాడు, ఉద్దెర పెడతాడు, మందు ఇచ్చి మర్నాడు ఎట్లుందని అడుగుతాడు. అనవసరపు సూదులు, స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు వాడటం వల్ల జరిగే హాని నిజమే, దాన్ని అడ్డుకోవాలి కూడా. పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటి వైద్యులకు శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం 2016లో వెలువడింది. సరైన చికిత్స చేయడం మెరుగైంది, అనవసరపు మందులు మాత్రం తగ్గలేదు. కాబట్టి శిక్షణ ఒక్కటే మందు కాదు. జనం ఆర్‌ఎంపీలో వెతుకుతున్న అందుబాటు, ఆరా, అప్పు ఈ మూడింటిలో కనీసం మొదటి రెండూ సర్కారు దవాఖానలో దొరకాలి.

కల్తీ కల్లు

పాలమూరు పల్లెల్లో కల్లు చెట్టుకు దిగినంతే అమ్మితే సరిపోయేది. గిరాకీకి తగినంత చెట్లు లేవు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలామ్ కలిపిన నీళ్ళు కల్లు పేరిట కూలీల ఒంట్లోకి ఏళ్ళకు ఏళ్ళు పోయాయి. 2015లో తెలంగాణలో కల్తీ మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు ఒక్కసారిగా మత్తు ఆగిన జనం చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, మతి చలించినట్టు ప్రవర్తిస్తూ దవాఖానలకు చేరారు. సరఫరా ఆపడం ఎక్సైజు శాఖ పని అనుకున్నారు, అలవాటు పడ్డ ఒంటికి ఏమవుతుందన్నది ఎవరి పనీ కాలేదు. ఈ మందుల మత్తును ఒక్కరోజులో తెంపకూడదు, డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. దాడి జరిగే ముందే ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి కబురు, అవసరమైన మందు, పడకలు చేరాలి. ఈ పాఠం ఇప్పటికీ పూర్తిగా అమల్లోకి రాలేదు. మనసు బాగాలేనివాళ్ళ కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416 ఇలాంటి కుటుంబాలకూ పనికొస్తుంది.

తూడుకుర్తి దారి

ఈ ప్రాంతంలో అన్నిటికంటే బాగా ఆలోచించి కట్టిన వ్యవస్థ కంటి వైద్యానిదే. 1987లో హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే చేసింది. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. చూపు లేకపోవడానికి ఎక్కువగా కారణమైనవి శుక్లాలు, అద్దాలు లేకపోవడం. రెండూ తేలికగా నయమయ్యేవే. మరి జనం ఎందుకు రాలేదు? తోడు వచ్చేవాళ్ళు లేక, ఖర్చుకు జడిసి, ముసలితనంలో ఇంతేలే అనుకుని.

జవాబుగా సంస్థ గోపురం లాంటి అంచెలు కట్టింది. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో శస్త్రచికిత్సలు చేసే గ్రామీణ కంటి ఆసుపత్రి పెట్టింది. దాని కింద 50,000 జనాభాకొక దృష్టి కేంద్రం. అక్కడ కూర్చునేది ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచే ఎంపికై, ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన యువతీ యువకులు. ముసలమ్మ భాష వాళ్ళకొచ్చు, ఆమె కొడుకు ఎవరో కూడా తెలుసు. అద్దాలు రాయడం, శుక్లం గుర్తించడం, ఆపరేషన్‌కు పంపడం, మళ్ళీ వచ్చాక చూడటం వాళ్ళ పని. డబ్బున్నవాళ్ళు ఇచ్చేదానితో లేనివాళ్ళకు ఉచితంగా, ఒకే నాణ్యతతో చేస్తారు. 2018 ఆగస్టు 15న వచ్చిన కంటి వెలుగు ఊళ్ళోకే వచ్చి కళ్ళు చూసి, మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షించింది. అది గొప్ప పని, కానీ శిబిరం వెళ్ళిపోతుంది. అద్దం కాడ విరిగితే ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్నకు జవాబు దృష్టి కేంద్రం దగ్గరే ఉంది.

కాన్పు గదిలో, ఆపరేషన్ బల్ల మీద

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. ముహూర్తాలు, నొప్పుల భయం, ఆసుపత్రుల లాభం, ఒంటరిగా ఒక గదిలో అరిచే తల్లికి తోడు లేకపోవడం ఇవన్నీ కారణాలే. 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌తో కలిసి ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు మంత్రసాని శిక్షణ మొదలుపెట్టింది. పక్కన మనిషి ఉండటం, నడవనివ్వడం, కూర్చుని కనాలంటే కూర్చోనివ్వడం అందులో ముఖ్యం. ఇంటి మనిషికి కాన్పు గదిలోకి అనుమతి ఇవ్వడానికి మాత్రం జీవో కంటే ముందు సిబ్బంది మనసు మారాలి.

జనాన్ని అంకెగా చూస్తే ఏమవుతుందో ఇబ్రహీంపట్నం చూపింది. 2022 ఆగస్టు 25న అక్కడ ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఆ ఊరు ఈ మూడు జిల్లాల్లో లేదు, ఆ పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఉండేది.

ఊరు విడిచిన వాళ్ళు

దసరా, దీపావళి దాటాక గుంపు మేస్త్రి ఇచ్చిన బయానా తీసుకుని కుటుంబాలు కదిలేవి. జూరాల ప్రాజెక్టు నీళ్ళు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక వలస తగ్గింది, ఆగిపోలేదు. ఊళ్ళో గర్భిణిగా పేరు రాయించుకున్న అమ్మాయి పుణె శివారు గుడిసెలో ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండదు. క్షయ మందు ఆరు నెలలు వాడాల్సిన మనిషి మూడో నెలలో పనికి పోతాడు. మాతా శిశు కార్డు, క్షయ రోగికి నిక్షయ్ నంబరు, టీకాలకు యూవిన్ ఇవన్నీ ఇప్పుడు దేశంలో ఎక్కడైనా చెల్లుతాయి. చెల్లుతాయని ఆ మనిషికి ఎవరైనా చెప్పాలి. బస్సెక్కే ముందు ఆశ కార్యకర్తకు చెప్పిపోవడం, ఆమె ఫోన్ నంబరు దగ్గరుంచుకోవడం, రెండు నెలల మందు ముందే ఇవ్వడం చిన్న ఏర్పాట్లు. మేస్త్రి చేతిలో కూలీల పేర్ల జాబితా ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్య శాఖ దగ్గర మాత్రం ఉండదు.

కొత్త కాలేజీలు

వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబరు 15న, గద్వాలది 2024లో మొదలయ్యాయి. పదేళ్ళ కింద ఎవరూ ఊహించని మార్పు ఇది. నిపుణులు దగ్గరికొచ్చారు, పడకలు పెరిగాయి. జాతీయ వైద్య కమిషన్ నిబంధన ప్రకారం ప్రతి విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పూర్తయ్యేదాకా వాళ్ళ ఆరోగ్యం చూడాలి. ఆ విద్యార్థులకు ఒక మనవి. ఆ ఇంటికి పోయినప్పుడు బీపీ చూసే ముందు, వాళ్ళు పొద్దున ఎన్నింటికి చేనుకు పోతారో, పోయినసారి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోయారో, ఎందుకు అక్కడికే పోయారో అడిగి రాసుకోండి. ఆ కాగితాలను జిల్లా వైద్యాధికారి బల్ల మీద పెట్టండి.